గుప్పెడు బియ్యం లెక్క
తొంభై దాటిన తల్లి పోతే వీధి మొగలో ఫ్లెక్సీ కట్టి, ‘ప్రభువునందు నిద్రించిరి’ అని రాయించి, కింద ఆదర్శ మాతృమూర్తి అనేస్తాం. కొడుకులు, కోడళ్లు, అమెరికాలో పుట్టిన మునిమనవడితో సహా అందరి పేర్లూ అందులో ఉంటాయి, ఆవిడ చేసిన పని తప్ప. ఇది నాకు నచ్చదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ సోలలోంచి గుప్పెడు బియ్యం తీసి గుడి డబ్బాలో వేసి, ఆదివారం కొంగు చాటున పట్టుకెళ్లిన చెయ్యి అది. పిల్లలకు చాలని పూట కూడా ఆ గుప్పెడు తగ్గేది కాదు. ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ శనివారమే ఉతికి, గంజి పెట్టి, మడత నలక్కుండా తెచ్చేదీ, ప్రభు భోజన సంస్కారం అయ్యాక చిన్న గ్లాసులు కడిగేదీ ఆవిడే. మెదక్ చర్చి 1924లో ప్రతిష్ఠ అయిందనీ, కరువు రోజుల్లో కూలీల చేతులమీద లేచిందనీ, మిషనరీ పాస్‌నెట్ దొర కట్టించాడనీ గొప్పగా చెప్పుకుంటాం. అప్పట్నుంచీ ఊడ్చిందెవరో అడగం. దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం 1976లో మొదలైంది, 2013లో పుష్పలలితగారు నంద్యాల బిషప్ అయ్యారు. సంతోషమే. కానీ దానికి ముందూ తర్వాతా రోగి మంచం పక్కన ప్రార్థన చేసిందీ, దిక్కులేని బాలింతకు పథ్యం వండిపెట్టిందీ ఈ అమ్మలే. జీతం లేదు గనక దాన్ని భక్తి అని సరిపెట్టాం. జ్ఞాపకార్థ కూడికలో అరగంట ప్రసంగం తగ్గించి, ఆవిడతో కలిసి చీపురు పట్టిన ఇంకో ముసలమ్మకు మైకు ఇవ్వండి. ఆ బియ్యం ఏ ఏడు ఏ ఇంటి పొయ్యి ఎక్కిందో పేరుపేరునా చెబుతుంది.