ఆఫ్రికాలోని వీథి బాలలు: పట్టవలసిన దెవరిని?

ఒక రాజధానికి పరదేశపు టతిథులు రానున్నారనగానే పోలీసువారు వీథులలోని బిచ్చగాండ్రను, వారితోపాటు దిక్కులేని బిడ్డలను బండ్ల కెక్కించి కంటికి కానరాని చోటికి చేర్చుట లోకమునం దంతటను గల యాచారమే. ఆఫ్రికా ఖండములోని కొన్ని నగరములలో ఇది యతిథులు రాకున్నను జరుగుచున్నది. దీనికి బాలసంరక్షణమని పేరు పెట్టుటయు కలదు. మేము దీని నంగీకరింపజాలము. వీథిలోనున్న బిడ్డను పట్టుకొనుట సంరక్షణము గాదు. వానిని వీథికి త్రోసిన పెద్దవానిని పట్టుకొననిదే యేచట్టమును ఆ బిడ్డకు మేలు చేయదు.

ఆఫ్రికా యనగా ఒక దేశము గాదు. అందు ఏబదినాలుగు దేశములు గలవు. అందలి బిడ్డలలో మిక్కిలి హెచ్చుమంది మన బిడ్డలవలెనే యింట నుండి బడికి పోవువారే. వీథులలో నున్నవారైనను అందరు నొకతీరు వారు గారు. పగలంతయు ఏదో యొకటి యమ్ముకొని రాత్రికి తల్లియొద్దకు చేరువారు కొందరు; అంగళ్ల యరుగులపై నిద్రించువారు కొందరు. వీరెందరని యడిగిన నొక్కొక్క రొక్కొక్క సంఖ్య చెప్పుదురు. రాత్రి యొకచోట, పగ లొకచోట నుండి, ఉద్యోగస్థుని చూడగానే పరుగెత్తు బిడ్డను లెక్కించుట యెవరి తరము? కావున పెద్ద సంఖ్యల జోలికి మేము పోము.

రువాండా రాజధానియగు కిగాలి శుభ్రతకు పేరుపొందినది. ఆ శుభ్రతను మెచ్చుకొనువారిలో మేమును చేరుదుము. కాని ఆ నగరమున గికొండో అనుచోట గల కేంద్రమునందు వీథి బాలలను విచారణలేక నిర్బంధించుచున్నారనియు, కొట్టుచున్నారనియు హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థవారు 2006లోను, మరల 2020లోను ప్రకటించిరి. అది పునరావాసమునకై యేర్పడినదని ప్రభుత్వమువారు చెప్పుదురు. పునరావాసమైనచో బిడ్డ విడుదలైన పిమ్మట మరల ఆ వీథికే యేల వచ్చుచున్నాడు?

ఇట్లు పట్టుకొనుటకు ఆధారమగు చట్టములలో పెక్కు ఆఫ్రికావారు తమకై తాము చేసికొన్నవి గావు. 1824లో ఇంగ్లండునందు ఇల్లులేక తిరుగువారిని శిక్షించుటకు చేసిన శాసనము వలసల వెంబడి అచ్చటికి పోయి, వలసదొరలు వెడలిపోయినను నిలిచిపోయినది. ఆరూషాలోని ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానమువారు 2020 డిసెంబరు 4వ తేదీని ఇట్టి చట్టములు బాలల హక్కులకు విరుద్ధములని తమ యభిప్రాయము నిచ్చిరి. ఇల్లు లేకపోవుట నేరము గాదని చెప్పుటకు నూటతొంబది యేండ్లకు పైగా పట్టినది!

ఇక సెనెగల్ దేశపు సంగతి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. అచ్చట ఖురాను చదువుకొను బాలుని తాలిబే యందురు; బడిని దారా యనియు, బోధకుని మరాబూ యనియు పిలుతురు. ఇది పూర్వకాలమున గౌరవమైన యేర్పాటే. పల్లెలో బీదతండ్రి తన కుమారుని బోధకునికి అప్పగించును. బాలుడు చదువుకొనుచు గురువుగారి చేలో పనిచేయును. వినయము నేర్చుకొనుటకై ఇంటింట అన్నమడిగి తెచ్చుకొనును. మన తెలుగునాట వెనుకటి తరములలో బీదపిల్లలు వారములు చెప్పుకొని చదువుకొన్న రీతి మన పెద్దల కెరుకయే గదా. 1970 ప్రాంతముల కరవులవలన పల్లెలు చెడి పెక్కు దారాలు నగరములకు తరలినవి. నగరమున చేను లేదు; అన్నమునకు బదులు నాణెము వచ్చినది. కొందరు బోధకులు రోజునకింత పైకము తేవలెనని బిడ్డకు నిర్ణయించి, తక్కువైనచో కొట్టసాగిరి. డకార్ వీథులలో ఆరేడేండ్ల బాలుడు డబ్బా చేతబట్టుకొని వాహనముల నడుమ తిరుగుచుండుట యిట్లు పుట్టినదే.

ఇతరులచేత బిచ్చమెత్తించి లాభము పొందుట నేరమని 2005లోనే ఆ దేశమున శాసన మేర్పడినది. అయినను మతాచారము ననుసరించి అడుగు భిక్షము బిచ్చము గాదని వారి శిక్షాస్మృతిలో నొక వాక్యము గలదు. ఆ సందులోనుండి నేరస్థు డెవడైనను వెలుపలికి రావచ్చును. 1990లో అడ్డిస్ అబాబాలో ఆమోదింపబడి 1999లో అమలునకు వచ్చిన ఆఫ్రికా బాలల హక్కుల పత్రము, ఏ రూపమునను బిడ్డలచేత బిచ్చమెత్తింపరాదని స్పష్టముగా చెప్పుచున్నది. ఆ పత్రము ననుసరించి 2014లో ఆఫ్రికా నిపుణుల సంఘమువారు సెనెగల్ ప్రభుత్వము తన తాలిబేల హక్కులను కాపాడలేదని తీర్పు చెప్పిరి. 2016లో అధ్యక్షుడు మాకీ సాల్ బిడ్డలను వీథులనుండి తొలగింపుడని యాజ్ఞాపించెను. తొలగించిరి, పలువురు మరల ఆ బోధకుల చేతికే చేరిరి. బిచ్చమెత్తించిన వారిలో శిక్షపడినవారు మిగుల నరుదు. తమ బడిలో ఒక్క బిడ్డనైనను వీథికి పంపని మరాబూలు పెక్కుమంది గలరు. మా మాట వారిని గూర్చినది గాదు.

ఇట్లు వ్రాసి మేము పరమతమువారిని మాత్రము తప్పుపట్టుచున్నామని యెవరైన ననుకొందురేమో. మన ఇంటి సంగతియు చూతము. కాంగో రాజధానియగు కిన్షాసాలో వీథి బాలలను షేగే యని పిలుతురు. వారిలో చాలమంది మంత్రగాండ్రని నిందింపబడి ఇల్లు వెడలినవారు. తండ్రి మరణించును, లేక పనిపోవును; మారుతల్లికో మేనమామకో బిడ్డ బరువగును; అంతట ఈ కీడంతయు వీనివలననే వచ్చినదని యందురు. పాస్టరునని చెప్పుకొను నొకడు అది నిజమేయని పలికి, దయ్యమును వెడలగొట్టుటకై బిడ్డను దినములకొలది పస్తుంచి కొట్టి, ఆ పనికి రుసుము కూడ పుచ్చుకొనును. 2006 నాటి రాజ్యాంగములోని 41వ అధికరణమే ఇట్టి నింద కూడదని చెప్పినది. 2009 నాటి బాలసంరక్షణ చట్టము దానిని శిక్షింపదగిన నేరముగా చేసినది. అయినను ఆ ప్రార్థనామందిరములు మూతపడలేదు. చిన్నబిడ్డల నడ్డగించిన శిష్యులపై కోపించిన ప్రభువు పేర ఇది జరుగుచున్నది. ఇతర సంఘములవారు చేయుచున్నారు, మనకేల యని క్రైస్తవులు ఊరకుండుట తగదని మా యభిప్రాయము.

మరి చేయదగిన దేమి? కెన్యా దేశమున 2003లో ప్రాథమిక విద్యకు జీతము తీసివేయగా, బడిలోని బిడ్డలు సుమారు 59 లక్షలనుండి 72 లక్షలకు పెరిగిరి. అంతకుముందు వారు రాకపోవుటకు కారణము సోమరితనము గాదని ఆ యొక్క యేట తేలినది. తరగతులు కిక్కిరిసినవి, పలకలును పంతుళ్లును చాలలేదు. ఆ బాధ బల్లయొద్ద నిలుచువారికే తెలియును. ఉడుపులకు డబ్బులేక ఆగిపోయినవారును గలరు.

అయితే అప్పటికే వీథిలో యేండ్లు గడపి, చెప్పులు కుట్టు జిగురు వాసనను పీల్చి ఆకలి మరచుట నేర్చిన బాలుడు జీతము లేదనగానే బడికి రాడు. వానియొద్దకు మనుష్యుడు పోవలెను. నైరోబిలో 1973లో ఫాదర్ ఆర్నాల్డ్ గ్రోల్ అను డచ్చి గురువు స్థాపించిన ఉండుగు సంఘమువారు ఆ మార్గము త్రొక్కిరి. ఉండుగు అనగా స్వాహిలీ భాషలో సోదరత్వము. వాడు నిద్రించు చోటికి పోయి, పేరు తెలిసికొని, ఇంటి ఆచూకి యడిగి, ఆ ఇంటివారితో మాటలాడి, వారు చేర్చుకొన్న తరువాత కూడ నెలలకొలది పోయి చూచుచుండవలెను. పుట్టిన తేదీ కాగితము లేక బడిలో చేర్చుకొననిచో దానిని సంపాదించి పెట్టవలెను. ఇది బండిలో నెక్కించినంత సులభము గాదు, పత్రికలలో ఫొటోలు పడు పనియు గాదు.

2017లో ఐక్యరాజ్యసమితివారి బాలల హక్కుల సంఘము ఈ విషయమును గూర్చి యొక వ్యాఖ్యానము ప్రకటించినది. బిచ్చమెత్తుట, ఊరక తిరుగుట మొదలగువానిని బిడ్డలకు నేరములుగా చేయు చట్టములను రద్దుచేయవలెనని అందు కోరిరి. దానిని వ్రాయుటకు ముందు 32 దేశములలో 327 మంది బాలలను, యువకులను సంప్రదించిరి. మా పై తరగతుల విద్యార్థులు దానిని తెచ్చుకొని చదువవలెనని కోరుచున్నాము. ఇంగ్లీషు కొంత కఠినముగా నున్నది. అడిగినచో తరగతిలో మేము వివరింతుము.