గడ విద్యకు గూడు కావాలి

సూర్యాపేట: ఊరి నడుమ గడ నాటి, తాళ్లు బిగించి దొమ్మర కులస్థులు ప్రదర్శించిన విన్యాసాలు నేడు దాదాపు కనుమరుగయ్యాయి. వాటిని పోలిన పోల్, ఏరియల్ డాన్సులను మహానగరాల్లో రుసుము చెల్లించి నేర్చుకుంటున్నారు. స్తంభం, తాడుపై సాగే మల్లఖంబ్‌ను మధ్యప్రదేశ్ 2013లో రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లోనూ దానికి చోటు దక్కింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఇట్టి శిక్షణ కేంద్రానికి ఎత్తయిన పైకప్పు, బరువు మోయగల దూలం, మందపాటి పరుపులు, నిపుణుడైన శిక్షకుడు ముఖ్యం. నాడు గడ కింద పరుపు లేదు. పట్టు జారితే ప్రాణానికే ముప్పు.

ఆ కేంద్రంలో దొమ్మర కుటుంబాల పిల్లలకు ఉచిత ప్రవేశం, అనుభవమున్న పెద్దలకు శిక్షకులుగా వేతనం కల్పించాలి. లేనిపక్షంలో తాతల విద్య డబ్బున్నవారి పాలై, వారసులు వాకిట నిలిచి చూడవలసి వస్తుంది.