తుప్పు గీకే అరగంటకు కూలి ఇద్దాం



వానలు వెనకపట్టగానే మన ఇళ్ళలో తుప్పుపట్టిన గేట్లు, కిటికీ ఊచలు, రేకుల షెడ్ల గొట్టాలు బాగుచేయించడం మామూలే. వెల్డింగ్ చేసే అబ్బాయిని పిలిచి, "గీకడాలు ఎందుకులే బాబూ, పైపైన రెండు అతుకులు వేసి వెళ్ళు" అంటాము. మనం ఈ మాట మానుకోవాలని నా అభిప్రాయం. తొందరపడేది చేయించే మనం, దెబ్బ తినేది చేసే అబ్బాయి.

"కొత్త మెషీన్ తుప్పును కూడా కాల్చేస్తుంది" అని కొందరు అంటారు. ఇందులో నిజం కొంతే. పాత మెషీన్ అంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్, ఎక్కువగా ఎ.సి. కరెంటుతో పనిచేస్తుంది. ఇప్పుడు భుజాన తగిలించుకొని వెళ్ళే చిన్న ఇన్వర్టర్ మెషీన్లు వచ్చాయి. ఇవి సాధారణంగా డి.సి. ఇస్తాయి. మంట నిలకడగా ఉంటుంది, రాడ్డు అంటుకుపోవడం తక్కువ. 6011 వంటి రాడ్లు లోతుగా దిగి కొంత తుప్పును ఓర్చుకుంటాయి కూడా. కాని షాపుల్లో ఎక్కువగా కనిపించే 6013 రాడ్డు అంత లోతుకు దిగదు. 7018 రాడ్డుకైతే శుభ్రమైన, పొడి ఇనుము కావాలి.

తుప్పులో తేమ దాగి ఉంటుంది. వేడికి అది వాయువుగా మారి అతుకులో సన్నని బెజ్జాలు చేస్తుంది. పైకి నిండుగా కనిపించినా లోపల గుల్ల. ఆ అతుకు మీదే మేడ పిట్టగోడ ఊచలు, పిల్లల ఉయ్యాల కొక్కెం ఆధారపడి ఉంటాయి. ఎర్త్ క్లాంపు పట్టించే చోట తుప్పు ఉన్నా ఏ మెషీన్ అయినా సరిగా పనిచేయదు. కాబట్టి మెషీన్ ఏదైనా తుప్పు గీకవలసిందే.

"గ్రైండర్ పెడితేనే కదా కంట్లో రవ్వలు పడేది, అది మానేస్తే మేలు కదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. వేడి ఇనుప రవ్వ నల్లగుడ్డుపై పొరలో దిగితే కొద్ది గంటల్లోనే దాని చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది. రవ్వను తీసినా ఆ మరక మిగిలిపోవచ్చు. చూపుకు ఎదురుగా మచ్చపడితే చూపు మసకబారుతుంది. అయితే దీనికి మందు గీకడం మానడం కాదు, పక్కలు కూడా మూసి ఉండే కళ్ళద్దాలు పెట్టుకోవడం. చిట్టెం కొట్టేటప్పుడు కూడా వాటిని తీయకూడదు. రవ్వ పడితే కన్ను నలపవద్దు, అగ్గిపుల్లతోనో చీర కొంగుతోనో తీయించుకోవద్దు. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.

వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు మెషీన్ కొత్తదైనా, పాతదైనా ఒకటే. వాటి దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఆరు నుండి పన్నెండు గంటల తరువాత, సాధారణంగా అర్ధరాత్రి, కంట్లో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చనుబాలు, బంగాళదుంప ముక్కలు కంటికి పెట్టవద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మత్తు చుక్కలు మళ్ళీ మళ్ళీ వేస్తే నల్లగుడ్డు పాడవుతుంది. రాడ్డు పట్టినవాడికే కాదు, గొట్టం పట్టుకున్న కుర్రాడికీ 10 లేదా 11 నంబరు నల్లద్దం కావాలి. చుట్టూ చేరి చూసే పిల్లలను దూరంగా పంపండి.

జి.ఐ. పైపులకు పూతగా జింకు ఉంటుంది. పూత తీయకుండా కాలిస్తే తెల్లని పొగ వస్తుంది. అది పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో ఇనుము రుచి రావచ్చు. పాలు తాగితే ఇది రాదనుకోవడం పొరపాటు. జ్వరంతో ఆసుపత్రికి వస్తే ఆ రోజు చేసిన పని కూడా చెప్పండి, మలేరియా అనుకుని తికమకపడకుండా ఉంటుంది. ఆయాసం ఉంటే ఇంటివద్ద ఆగవద్దు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కనుక మూసిన గదిలో వద్దు, గాలి ఆడే చోట చేయించండి.

మరో మాట. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో ఉండే క్రిమి గాయంలో చేరడం వల్ల వస్తుంది. కాని మట్టిలో పడి ఉన్న తుప్పు ఇనుము గీసుకుంటే ఆ క్రిమి లోపలికి వెళ్ళే వీలు ఎక్కువ. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో కడిగి టి.డి. టీకా విషయం మమ్మల్ని అడగండి.

ఇవన్నీ ఆ కుర్రవాళ్ళకు తెలియక కాదు. "అద్దాలు పెట్టుకుని, గీకి చేస్తే ఆలస్యం, మరొకడిని పిలుస్తారు" అనే భయం వారిది. ఆ భయం తీసేయడం మన చేతిలో ఉంది. బేరం చేసేటప్పుడే, "తుప్పు శుభ్రంగా గీకు, ఆ అరగంటకూ కూలి ఇస్తాం, అద్దాలు లేకుండా మాత్రం మా ఇంట్లో పని వద్దు" అని చెబుదాం. మన గేటు నాలుగేళ్ళు ఎక్కువ నిలుస్తుంది. ఆ పిల్లవాడి కన్ను జీవితాంతం నిలుస్తుంది.