నిర్వహణ వేదిక: గట్టు పాదాన్ని చూసినదెవరు?

రాజధానిలో నివసించే మనకు సముద్రం కాగితాల మీదనే ఎక్కువ పరిచయం. అంచనాలు, నివేదికలు, నిధుల కోత, అన్నీ ఇక్కడి బల్లల మీదనే తేలుతాయి. అలలు మాత్రం తూర్పు తీరంలో రేయింబవళ్లు రాతిగట్లను మోదుతూనే ఉంటాయి. ఈ దూరం వల్ల కలిగే ఒక పొరపాటును గూర్చి ఈ నెల ముచ్చటించుకుందాం.

నౌకాశ్రయంలోని నీటిని నిశ్చలంగా ఉంచేందుకు సముద్రంలోకి నిర్మించే గట్టునే బ్రేక్‌వాటర్ అంటున్నాము. విశాఖపట్నం ఇందుకు చక్కని ఉదాహరణ. 1933లో ప్రారంభమైన ఆ రేవు ముఖద్వారాన్ని కాపాడేందుకు ఆ దశకంలోనే జానస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత నౌకలను ముంచి అడ్డుగా నిలిపారు. 1976లో ప్రారంభమైన బాహ్య నౌకాశ్రయానికి ఉత్తర, తూర్పు, దక్షిణ దిశలలో మూడు గట్లు ఉన్నాయి. వాటి మొత్తం పొడవు సుమారు 3 కిలోమీటర్లు. వాటి చాటున నిలిచిన దాదాపు 200 హెక్టార్ల నీటిలోనే భారీ నౌకలు సరుకు దించుకుంటాయి.

ఇటువంటి గట్టు ఒకే రాతికట్టడం కాదు. గర్భంలో చిన్నరాళ్లు, వాటిపై మధ్యపొర, ఆపైన బరువైన బండలతోగాని, నాలుగు కాళ్ల కాంక్రీటు టెట్రాపాడ్లతోగాని అమర్చిన కవచం, అట్టడుగున ఆ కవచం జారిపోకుండా ఆపే పాదం ఉంటాయి. కవచపు రాయి బరువు అల ఎత్తు యొక్క ఘనాన్ని అనుసరించి పెరగాలని హడ్సన్ సూత్రం చెబుతుంది. అల 20 శాతం ఎత్తు పెరిగితే రాయి బరువు 70 శాతానికి పైగా పెరగాలి. అల రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు కావాలి. కనుకనే రూపకల్పనలో ఊహించిన తుపానుకంటే కొంచెం పెద్దది వచ్చినా నష్టం ఎన్నో రెట్లు ఉంటుంది.

చరిత్ర ఈ పాఠాన్ని పలుమార్లు నేర్పింది. దాదాపు పూర్తికావచ్చిన మద్రాసు రేవు గట్లను 1881 నవంబరు తుపాను ధ్వంసం చేసింది. పోర్చుగల్‌లోని సినెష్ రేవులో 42 టన్నుల డోలోస్ దిమ్మెలతో నిర్మించిన గట్టు 1978 ఫిబ్రవరి తుపానులో ఘోరంగా దెబ్బతిన్నది. అలలకు ఊగిన దిమ్మెలు ఒకదానికొకటి తగిలి విరిగాయి. విరిగిన ముక్కకు బరువు తక్కువ; అది కదులుతుంది, ప్రక్కదాని ఆసరా పోతుంది. విడివిడిగా ఒక్కొక్క దిమ్మె చిన్న విషయమే. వరుసగా నాలుగు పోతే లోపలి పొర అలకు ఎదురుపడుతుంది.

ఇప్పుడు నా స్వానుభవం ఒకటి విన్నవిస్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న రేవు నుండి ఏటా తనిఖీ నివేదిక వచ్చేది. ఐదేళ్లూ అదే వాక్యం: “గట్టు స్థితి సంతృప్తికరం.” ఆ తరువాత డైవర్లు దిగి చూడగా ఒకచోట పాదం క్రింది ఇసుక కొట్టుకుపోయి, రాళ్లు గుంటలోకి జారి ఉన్నాయి. పైన నడిచే దారిలో చిన్న పగులైనా లేదు. అది ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేకపోయారు. పోల్చి చూసేందుకు పాత కొలత ఒక్కటీ లేదు. గట్టుమీద నడిచివచ్చి వ్రాసిన నివేదికలవి. ఆ ఐదింటిలో రెండింటిపై “చూడడమైనది” అని సంతకం చేసినవాడిని నేనే. నేను చూసినది కాగితాన్ని, గట్టును కాదు.

కాబట్టి తనిఖీ అంటే దర్శనం కాదు, పోలిక. నిర్మాణం ముగిసిన వెంటనే పూర్తి కొలతలు తీసి భద్రపరచాలి. గట్టు పొడవునా స్థిరమైన గుర్తులు పెట్టి, ప్రతిసారీ అవే స్థానాల నుండి, అల్ప పోటు వేళలో ఛాయాచిత్రాలు తీయాలి. విరిగినవి, కదిలినవి, పూర్తిగా పోయినవి వేర్వేరుగా లెక్కించాలి. శిఖరం ఎంత కుంగిందో లెవెల్ యంత్రంతో కొలవాలి. నీటి క్రింది భాగాన్ని సోనార్‌తో, అవసరమైనచోట డైవర్లతో పరీక్షించాలి. నేడు డ్రోన్లు పైభాగపు పనిని సులభతరం చేశాయి. కానీ డ్రోన్‌కు సైతం కలక నీటి అడుగున ఉన్న పాదం కనబడదు.

కాలం కూడా ముఖ్యమే. తూర్పు తీరాన నైరుతి ఋతుపవనాల అలలకు ముందు ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపానులు ముగిశాక మరొకసారి చూడడం ఉచితం. పెద్ద తుపాను వస్తే వెంటనే ప్రత్యేక తనిఖీ జరపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్దనే తీరం దాటింది. అటువంటి తుపాను తరువాత క్రితం కొలతలున్న ఇంజనీరు ఏది కొత్త గాయమో చెప్పగలడు, లేనివాడు ఊహించవలసిందే.

రాతి కవచంలో 5 శాతం లోపు కదలికను నష్టంగా పరిగణించని సంప్రదాయం ఉన్నది. కాంక్రీటు దిమ్మెల విషయంలో ఆ నిబ్బరం పనికిరాదు. పది దిమ్మెలు విరిగినప్పుడే మార్చగలిగితే అది మరమ్మతు. ఆ పని వాయిదా పడి గర్భం బయటపడితే అది పునర్నిర్మాణం. ప్రశాంతంగా గడిచిన ఏళ్లలోనే నిర్వహణ పద్దుపై కత్తెర పడడం మనందరికీ తెలిసిన విషయం. గట్టు గట్టిగా నిలిచి ఉండడమే దాని నిధుల కోతకు కారణం కావడం విడ్డూరం.

మిత్రులకు నా మనవి ఒక్కటే. ఇకపై మీ బల్ల మీదికి “సంతృప్తికరం” అన్న మాట వచ్చినప్పుడు, సంతకానికి ముందు రెండు ప్రశ్నలు వ్రాయండి: దేనితో పోల్చి? పాదాన్ని చూసినదెవరు? ఆ రెంటికీ సమాధానం వచ్చేవరకు కాగితాన్ని కదలనీయకండి.