ఎత్తు సరే, బరువు మాటేమిటి?

1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచుపళ్ళ బుట్టలను వ్యాయామశాల బాల్కనీ కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ ఎత్తు పది అడుగులు. నేటికీ బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు అదే. అమెరికాలో ఇంటి ముందు స్తంభం నిలబెట్టే మనవారు ఆ పది అడుగులను టేపు పెట్టి మరీ కొలుస్తారు. అడుగున ఉండవలసిన బరువు మాట మాత్రం ఎత్తరు.

చక్రాల స్తంభానికి కింద ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. దానిలో నీళ్ళు నింపి ఊరుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. చలికాలంలో నీరు గడ్డకట్టి తొట్టి పగలవచ్చు. వేసవి నాటికి సగం కారిపోయినా పైకి కనబడదు. అప్పుడు ఏ కుర్రవాడో ఎగిరి రింగుకు వేలాడితే స్తంభం అతని మీదికే ఒరుగుతుంది. ఇసుక నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, పైగా గడ్డకట్టి తొట్టిని పగలగొట్టదు. గరాటుతో నింపడం విసుగు పుట్టించే పనే, కాదనను.

సొంత ఇల్లయితే స్తంభాన్ని కాంక్రీటులో పాతించడమే మేలని నా వాదన. తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు పోయే చోట ఉచితంగా గుర్తులు పెట్టి వెళతారు. ఇక కాంక్రీటు గట్టిపడే ఆ రెండు మూడు రోజులు పిల్లలను ఆపడమంటారా, అది మీ సామర్థ్యం!