చప్పుడు చేయని ఇంజను మంచిదేనా?

"మేస్త్రీ, ఇంత దుడ్డు పోసి ఇంజను కట్టిస్తే ఈ టకటక ఏందప్పా?"

"టాపెట్లు సార్. రవ్వంత బిగిస్తే సప్పుడే ఉండదు."

నందికొట్కూరులోనే కాదు, అటు కర్నూలు నుంచి ఇటు నంద్యాల, ఆళ్లగడ్డ దాకా ఏ షెడ్డు ముందు నిలబడినా వినిపించే మాటలివి. మేస్త్రి బిగిస్తాడు, చప్పుడు ఆగుతుంది. యజమానికి తృప్తి, మేస్త్రికి మంచి పేరు. మరి ఇంజను మాటేమిటి? కారణం తెలుసుకోకుండా తెచ్చిపెట్టిన నిశ్శబ్దం చప్పుడుకన్నా ప్రమాదకరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అంబాసిడర్ కారునే తీసుకుందాం. ఉత్తరపారాలో దాని తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పాఠం నేర్వడానికి దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఇప్పటికీ మంచి గురువే. క్రింద తిరిగే కామ్ షాఫ్టు టాపెట్టును లేపుతుంది. టాపెట్టు పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను నెడితే వాల్వు తెరుచుకుంటుంది. రాకర్‌కూ వాల్వు కాడకూ నడుమ సుమారు 0.015 అంగుళం సందు ఉంచుతారు. వేడికి లోహం సాగుతుంది గనుక ఆ చోటు వదలాలి. సందు ఎక్కువైతే చప్పుడు వస్తుంది. సందే లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో అధిక భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. కూర్చోలేని వాల్వు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది, మళ్లీ హెడ్ దించవలసి వస్తుంది. చప్పుడు చేసే వాల్వు ముందుగా హెచ్చరిస్తుంది. బిగుసుకున్న వాల్వు మాత్రం ఏమీ చెప్పకుండానే మాడుతుంది.

తిరిగి కట్టిన ఇంజనులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సీట్లు కోసి, పేస్టు పెట్టి నూరినప్పుడు వాల్వు లోపలికి దిగుతుంది, దాని కాడ పైకి లేస్తుంది, సందు తగ్గుతుంది. కొత్త గాస్కెట్ కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక అణుగుతుంది. అప్పుడు హెడ్ బోల్టులు వరుసక్రమంలో మళ్లీ బిగించాలి. బిగించిన వెంటనే సందులు చూడాలి. "బండి బాగానే పోతాంది గదా" అని రెండోసారి షెడ్డుకు తీసుకురానివారే ఎక్కువ!

ఇక చప్పుడు సంగతి. స్పానరు పట్టే ముందు దొంగ ఎవరో తేల్చాలి. ఇంజను ఐడిలింగులో ఉండగా ఒక్కొక్క రాకర్ సందులో ఫీలర్ గేజి దూర్చి చూడండి. ఎక్కడ టకటక మారితే అనుమానం అక్కడే. గేజి ప్రకారం కొలత సరిగ్గానే ఉండి, చప్పుడు పోలేదనుకోండి. రాకర్ కొనలో గుంట పడిందేమో చూడాలి. చదునైన గేజి ఆ గుంటను దాటేస్తుంది కాబట్టి అసలు సందు కొలతకన్నా ఎక్కువే ఉంటుంది. పుష్ రాడ్‌ను అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. రాకర్ షాఫ్టుకు ఆయిలు ఎక్కుతోందా? కామ్ అరిగిందా? అన్ని వాల్వుల లిఫ్టునూ డయల్ గేజితో కొలిచి పోల్చాలి. అరిగిన కామ్‌ను ఏ స్క్రూ కూడా బాగు చేయలేదు.

ఒక సిలిండరులో కంప్రెషన్ తక్కువ చూపిస్తే, ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులను అనుమానించాలి. పెరగకపోతే ముందుగా వాల్వులనే చూడాలి.

సర్దే పద్ధతి కూడా కష్టమేమీ కాదు. ఈ ఇంజనులో 8 వాల్వులు. మొత్తం 9 రావాలి, అంతే లెక్క. 1వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది సర్దాలి, 3వది తెరుచుకుంటే 6వది. గేజి బిరుసుగా కాక, వదులుగా కాక, కొంచెం పట్టి జారాలి. నట్టు బిగించాక మరోసారి చూడాలి, బిగింపులోనే సందు మారిపోతుంది. వేడిమీద సర్దాలా, చల్లారాక సర్దాలా అన్నది ఆయా ఇంజను మాన్యువల్‌ను బట్టి.

"ఇప్పటి కార్లకు ఇదంతా ఎందుకు?" అని మిత్రులు అడగవచ్చు. నిజమే, నేటి అనేక కార్లలో సందును తామే సర్దుకునే హైడ్రాలిక్ అమరికలు వచ్చాయి. కానీ కె.సి. కాలువ క్రింద మడి దున్నే ట్రాక్టర్లలో చాలావాటికి ఇంకా టాపెట్లు చేత్తోనే సర్దాలి. నాట్ల అదనులో ఒక వాల్వు కాలితే నష్టపోయేది రైతు.

మన వాళ్లకు వాల్వు టైమింగ్ పటం గీయడం వచ్చు, ఫీలర్ గేజి ఎంత పట్టి జారాలో తెలియదు. షెడ్డు మేస్త్రికి చెవి ఉంది, చేయి ఉంది, కొలత మీద గురి తక్కువ. ఈ రెండు విద్యలూ ఒకచోట కలవాలి. ప్రయోగశాలలో రంగులు పూసి కోసిపెట్టిన ఇంజను పక్కన నడిచే ఇంజను ఒకటి ఉండాలి. ప్రతి విద్యార్థీ దాని ఎనిమిది సందులూ స్వయంగా సర్దాలి. ఏడాదికి కొన్ని రోజులు అనుభవజ్ఞుడైన మేస్త్రిని పిలిచి, గౌరవ వేతనమిచ్చి, పాఠం చెప్పించుకోవాలి. ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు. అధ్యాపకులూ, పూర్వ విద్యార్థులూ తలచుకుంటే వచ్చే విద్యా సంవత్సరమే మొదలుపెట్టవచ్చు.