ఈసారి అమ్మకీ సెలవులే!

వేసవి సెలవులు వస్తున్నాయంటే ఇంట్లో ఒకటే గోల... ఎక్కడికెళ్దాం? పిల్లలేమో అడవిలో చెక్క ఇల్లు కావాలంటారు. నాన్నది అరకు పాట. 'బాత్రూమ్ దగ్గరగా ఉంటుందా?' అన్నది నానమ్మ బెంగ. అమ్మ మాత్రం ఏమీ అనదు. పులిహోరకు చింతపండు ఎంత నానబెట్టాలో, ఎన్ని డబ్బాలు సర్దాలో మనసులోనే లెక్క వేసుకుంటుంది. తీరా తిరిగొచ్చాక అందరూ 'హాయిగా గడిచింది' అని ఫొటోలు చూసుకుంటుంటే, ఆమె మాసిన బట్టల మూట విప్పుతూ ఉంటుంది. అంటే ప్రయాణం అందరిదీ, సెలవు కొందరిదే!

ఈ తేడా అడవికి వెళ్లాక మొదలయ్యేది కాదు. ప్లాన్ వేసుకున్న రోజే మొదలవుతుంది. అందుకే ఓ రాత్రి భోజనాలయ్యాక అందరూ కలిసి కూర్చోండి. కాగితం మీద ఎవరి పని వారికి రాసేయండి.

టిక్కెట్లు, బస నాన్న పని: రైలు రిజర్వేషన్ గతంలో 120 రోజుల ముందు మొదలయ్యేది. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులకు తగ్గింది. మే రెండో వారంలో వెళ్లాలంటే మార్చిలోనే మేలుకోవాలి. అంటే పిల్లలు పరీక్షల హడావుడిలో ఉన్నప్పుడే అన్నమాట. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కిరండూల్ రైల్లో వెళ్తే సొరంగాలు లెక్కపెట్టడమే పిల్లలకు పెద్ద ఆట. అడవిలోనే ఉండాలనుకుంటే దారిలో టైడా దగ్గర కాటేజీలున్నాయి. గది ఖాయం చేసే ముందు ఫోన్లో నాలుగు విషయాలు అడగండి. మెట్లెన్ని? బాత్రూమ్ గదిలోనేనా? కరెంటు పోతే ఏర్పాటేమిటి? భోజనం వాళ్లే పెడతారా? ఆఖరిదే అసలు ప్రశ్న. 'స్టవ్ ఉందండీ, మీరే వండుకోవచ్చు' అన్నారంటే అమ్మకు వంటిల్లు మారుతుందంతే!

బ్యాగులు పిల్లల పని: ఎవరి బట్టలు వాళ్లే సర్దుకోవాలి. నిండు చేతుల చొక్కాలు, టార్చిలైటు, టోపీ తప్పనిసరి. అరకు సుమారు 3 వేల అడుగుల ఎత్తులో ఉంది. వెయ్యి అడుగులు ఎక్కితే దాదాపు 2 డిగ్రీల వేడి తగ్గుతుంది. కాబట్టి ఊటీలా ఉంటుందనుకోవద్దు. పగలు ఎండ ఉంటుంది, తెల్లవారుజామున దుప్పటి కావాలి. మేలో జలపాతాలూ సన్నబడతాయి. ఈ సంగతి పిల్లలకు ముందే చెబితే అక్కడికెళ్లాక మొహాలు ముడుచుకోరు.

మందుల పెట్టె తాతయ్య పని: బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు ఎక్కువే ఉండాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమల మందు మరచిపోకూడదు. మన్యంలో మలేరియా భయం ఉంది కాబట్టి దోమతెర వాడాలి. తిరిగొచ్చాక నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పాలి.

కాపలా పెద్దలందరి పని: వాగు మోకాలి లోతే కదా అని పిల్లల్ని వదిలేయొద్దు. నాచు పట్టిన బండ మీద కాలు జారితే ఆ లోతే చాలు. పైన వాన పడితే కింద వాగు ఒక్కసారిగా పొంగుతుంది. ఎవరు ఏ గంట చూసుకోవాలో ముందే వంతులేసుకుంటే, 'నువ్వు చూస్తున్నావనుకున్నా' అన్న మాటే రాదు. చీకటి పడ్డాక టార్చి లేకుండా గడప దాటొద్దు. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవాలి.

మరి అమ్మ పని? ఆ గడి ఖాళీగా వదిలేయండి. రైల్లోకి పులిహోర కావాలంటే ఈసారి నాన్న కలుపుతాడు. ఉప్పు కాస్త ఎక్కువైనా కిటికీ పక్కన కూర్చుని తింటే తెలియదు!

కాగితంలో చివరి వరుస తిరుగు ప్రయాణానిది. సెలవుకు ఒక రోజు మిగిలుండగానే ఇల్లు చేరండి. ఆ రోజు టిఫిను బయటి నుంచి తెచ్చుకోండి. బట్టలు ఎవరివి వాళ్లే నానబెట్టుకోవాలి.

అరకు కాఫీకి ఎంతో పేరుంది. కానీ కాటేజీ అరుగు మీద కూర్చుని తాగే ఆ కప్పులో అమ్మకు తెలిసే రుచి వేరు... అది తను కలపని కాఫీ!